మంచుకాలంలో అమ్మానాన్నలు జారిపడితే: ఆసుపత్రిలో మొదట అడగవలసిన ప్రశ్న

గత నెల ఇక్కడ న్యూజెర్సీలో, మాకు తెలిసిన ఇంట్లో డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దావిడ గుమ్మం ముందు గడ్డకట్టిన మంచు మీద జారిపడ్డారు. కటి ఎముక చిట్లింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నాలుగు రాత్రులు ఆసుపత్రి మంచం మీద ఉంచి, మళ్లీ నడిపించడానికి స్కిల్డ్ నర్సింగ్ కేంద్రానికి, అంటే మనం రీహాబ్ అనే చోటికి పంపారు. మూడు వారాల ఖర్చంతా ఆ కుటుంబం మీదే పడింది. అరవై ఐదు దాటిన వాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. ఆ నాలుగు రాత్రులూ ఆవిడ ఇన్‌పేషెంట్‌గా, అంటే డాక్టరు ఆర్డరుతో అధికారికంగా చేర్చుకున్న రోగిగా, చేరనే లేదని కాగితాల్లో ఉంది. అబ్జర్వేషన్‌లో, అంటే చేర్చుకోవాలా వద్దా అని తేల్చుకునేందుకు పరిశీలనలో, ఉన్నారట.

మంచు మీద ఉప్పు చల్లడం, పట్టున్న బూట్లు వేయడం మీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది పడ్డ తర్వాత సంగతి.

మూడు రోజుల లెక్క

ప్రభుత్వం నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ నర్సింగ్ కేంద్రం ఖర్చు భరించాలంటే, అంతకుముందు వరుసగా కనీసం మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. డాక్టరు అడ్మిషన్ ఆర్డరు రాసిన రోజు లెక్కలోకి వస్తుంది, డిశ్చార్జి రోజు రాదు. ఎమర్జెన్సీలో గడిపిన గంటలు రావు. అబ్జర్వేషన్ రోజులు అసలే రావు. సోమవారం రాత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, మంగళవారం అడ్మిట్ అయి, గురువారం ఇంటికి వస్తే మీకు మూడు రాత్రులు, మెడికేర్‌కు రెండే రోజులు. శుక్రవారం వస్తేనే మూడు.

చూడడానికి తేడా ఏమీ ఉండదు. అదే మంచం, అదే సెలైన్, అదే నర్సు, చేతికి అదే పట్టీ. అందుకే చదువుకున్న పిల్లలు కూడా మోసపోతున్నారు. గదిలో పడుకోబెట్టారు కాబట్టి చేర్చుకున్నారనుకోవడమే నేను చూసిన కుటుంబాలను ముంచిన పొరపాటు. కాబట్టి మొదటి రోజే అడగండి: “అమ్మ ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?” మర్నాడు మళ్లీ అడగండి. మొదట అడ్మిట్ చేసి తర్వాత అబ్జర్వేషన్‌కు మార్చే అధికారం ఆసుపత్రికి ఉంది కాబట్టి రోజూ అడగాలి.

ఏం చేయగలరు

వైద్యం రెండు అర్ధరాత్రులు దాటుతుందని డాక్టరు అంచనా వేస్తే సాధారణంగా ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోవాలన్నది మెడికేర్ నియమం. ఆ మాట ఎత్తి, చికిత్స చేస్తున్న డాక్టరుతో నేరుగా మాట్లాడండి. వాళ్ల సొంత డాక్టరు చేత కూడా ఫోను చేయించండి. అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే, అది మొదలైన 36 గంటల లోపు ఆసుపత్రి ఒక నోటీసు ఇచ్చి తీరాలి. పెద్దవాళ్లు చదవకుండా సంతకం పెట్టేది ఆ కాగితం మీదే. ఇన్‌పేషెంట్ నుంచి అబ్జర్వేషన్‌కు మార్చినప్పుడు కొన్ని సందర్భాల్లో అప్పీలు చేసుకునే హక్కు 2025 నుంచి వచ్చింది. ఆసుపత్రి గడప దాటకముందే అది వాడుకోండి.

మూడు రోజులు కుదిరినంత మాత్రాన అయిపోలేదు. డిశ్చార్జి తర్వాత 30 రోజుల లోపు, మెడికేర్ గుర్తించిన కేంద్రంలోనే చేరాలి. రోజూ నర్సు లేదా థెరపిస్టు నైపుణ్యం అవసరమైన వైద్యం ఉండాలి. స్నానం చేయించడం, అన్నం తినిపించడం మాత్రమే కావాలంటే డబ్బు రాదు. మొదటి 20 రోజులు ఉచితం. 21 నుంచి 100వ రోజు వరకు రోజుకు కొంత మొత్తం (2025లో అది 209.50 డాలర్లు) మీరు కట్టాలి. ఆ పైన అంతా మీదే.

ఇంకా ఇవి:

గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు ప్రీమియం భారమని మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బీ ఒక్కటే తీసుకున్నారా? నర్సింగ్ కేంద్రం ఖర్చు ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ కిందకు వస్తుంది. ఇప్పుడే కార్డు తీసి చూడండి.

ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లానా? చాలా ప్లాన్లు మూడు రోజుల నియమం పెట్టవు, కానీ ముందస్తు అనుమతి అడుగుతాయి. కేంద్రానికి వెళ్లకముందే ప్లానుకు ఫోను చేయండి.

అనువాదం పని మనవడికి అప్పగించవద్దు. తెలుగు దుబాసీని అడగండి, ఉచితం.

“ఇక మెరుగుపడడం లేదు, పంపేస్తాం” అని నర్సింగ్ కేంద్రం వాళ్లు అంటే ఒప్పుకోవద్దు. ఉన్న స్థితి దిగజారకుండా కాపాడే నిపుణ వైద్యానికీ మెడికేర్ చెల్లిస్తుందని 2013లో జిమ్మో అనే కోర్టు కేసులో కుదిరిన ఒప్పందంతో తేలింది.

కవరేజి ఆగుతుందన్న నోటీసు రెండు రోజుల ముందు వస్తుంది. ఆగే రోజుకు ముందు రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు నోటీసులో ఉన్న నంబరుకు అప్పీలు చేయండి.

ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలకో, ఏమన్నారో రాసిపెట్టుకోండి.

డిశ్చార్జి కాగితం మీద సంతకం చేసే ముందు ఇంకొక్కసారి అడగండి: ఇన్‌పేషెంట్‌గా ఎన్ని రోజులు? రెండు అంటే పెన్ను కింద పెట్టి డాక్టరును పిలిపించండి.