ఇంట్లో కట్టుకునే విమానానికి ఇంజన్ కూలింగు, పెట్రోలు లైన్లు ఎలా అమర్చాలి?

ఇది అమెరికాలో గరాజులో విమానం కట్టుకుంటున్నవాళ్ల కోసం. అందులోనూ ఆర్వీ (వాన్స్ కంపెనీ అమ్మే విమానం) కిట్టుకి నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజన్ (ఓ-320, ఓ-360) పెట్టుకుంటున్నవాళ్ల కోసం. రోటాక్స్ 912కి సిలిండర్ హెడ్లు నీళ్లతో చల్లబడతాయి, దాని లెక్క వేరు. రెక్కలకీ తోకకీ రివెట్లు కొట్టడంలో ఏళ్లు ఓపిక పట్టిన మనిషికి, ఇంజన్ వచ్చి కూర్చోగానే ఎక్కడలేని తొందర పుట్టుకొస్తుంది. సరిగ్గా అప్పుడే బాఫిల్స్ (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకులు) వంతు వస్తుంది. వాటిని ఒక వారాంతంలో అయిందనిపించి, ఎగిరాక "సిలిండర్ హెడ్ టెంపరేచరు 440 ఫారెన్‌హీట్ దాటుతోందండీ" అని ఫోన్ చేస్తారు.

కావాల్సినవి: 37 డిగ్రీల ఫ్లేరింగ్ టూలు (ట్యూబు అంచుని గరాటులా విప్పేది), ట్యూబ్ బెండరు, 3/8 అంగుళం అల్యూమినియం ట్యూబు (5052), ఏఎన్ ఫిట్టింగులు (విమానాల ప్రమాణంలో చేసిన గొట్టాల జాయింట్లు), ఫైర్‌స్లీవ్ (మంట తట్టుకునే తొడుగు) తొడిగిన హోసులు, బాఫిల్ కిట్టు, సిలికాన్ రబ్బరు పట్టీ, ఎర్ర ఆర్‌టీవీ సిలికాన్ (సందులు మూసే జిగురు), ఒక డబ్బా పేపర్ క్లిప్పులు, చిన్న ఎల్‌ఈడీ లైటు. రబ్బరు పట్టీ మాత్రం లోపల బట్ట ఉన్న రకమే తీసుకోండి. ఉత్త రబ్బరు షీటు కొన్నాళ్లకే వేలాడిపోతుంది.

మొదట పెట్రోలు పని

ట్యూబులు కొలిచి, వంచి, ఫ్లేర్ చేసి బిగించండి. ఫ్లేర్ చేసే ముందు నట్టు, స్లీవు ట్యూబుకి ఎక్కించారో లేదో చూసుకోండి. ఆటో పార్ట్స్ షాపులో అమ్మే ఫ్లేరింగ్ టూలు 45 డిగ్రీలది, ఏఎన్ ఫిట్టింగుకి కావాల్సింది 37. కంటికి తేడా తెలియదు, బిగిస్తే బిగుస్తుంది, మొదట్లో కారకపోవచ్చు కూడా. కానీ ఆనాల్సిన చోట ఆనదు, ఇంజన్ వణుకుడుకి ఎప్పుడో ఒకప్పుడు అంచు పగులుతుంది. పైప్ థ్రెడ్ల మీద టెఫ్లాన్ టేపు చుట్టకండి. తెగిన పోగు నేరుగా కార్బ్యురేటర్‌లోకే పోతుంది. పెట్రోలుకి పనికొచ్చే థ్రెడ్ సీలెంటు వాడండి, మొదటి రెండు మరలు వదిలేసి రాయండి.

ఆర్వీలో రెక్కలు కింద, ఇంజన్ పైన. పెట్రోలు తనంతట తాను పైకెక్కదు కాబట్టి ఇంజన్‌తో తిరిగే పంపు ఒకటి, దానికి తోడు కరెంటు పంపు ఒకటి ఉండాలి. సెలెక్టర్‌కి ఎడమ, కుడి, ఆఫ్ చాలు. రెక్కలు పైనుండే సెస్నాలో ఉంది కదా అని "రెండూ" అనే స్థానం పెట్టించుకోవద్దు. ఒక టాంకు ఖాళీ అయిందంటే పంపు అటునుంచి గాలే పీలుస్తుంది, నిండుగా ఉన్న రెండో టాంకు ఉండీ ఉపయోగం ఉండదు.

ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) దాటాక ఇంజన్ వరకు అంతా హోసే, గట్టి ట్యూబు కాదు. ఇంజన్ ఊగుతుంది, ఫైర్‌వాల్ ఊగదు. ఎగ్జాస్ట్ గొట్టాలకి వీలైనంత దూరంగా తీసుకెళ్లండి, తప్పనిసరై దగ్గరగా పోతే మధ్యలో రేకు అడ్డం పెట్టండి. కౌలింగ్ (ఇంజన్ మీది మూత) లోపలి వేడికి పెట్రోలు లైనులోనే ఆవిరైతే పంపు తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం ఆగిపోతుంది. కారు పెట్రోలుకి ఈ జబ్బు ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) కంటే ఎక్కువ. కూలింగు, పెట్రోలు ఒకే వ్యాసంలో ఎందుకు చెబుతున్నానంటే ఇందుకే.

టాంకు వెంటు గొట్టం (లోపలికి గాలి వచ్చేది) నోరు ఎదురుగాలికి ఉండాలి, నోటికి సన్నటి జాలీ ఉండాలి. జాలీ లేకపోతే కందిరీగ గూడు కడుతుంది.

ఇప్పుడు ఫ్లో టెస్టు. ఇది చేయకుండా ఎగిరేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. పంపుతో నడిచే సిస్టమ్ అయితే, టేకాఫ్‌లో ఇంజన్ తాగేదానికి 125 శాతం రావాలని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) అంటుంది. పంపు లేకుండా పైనుంచి దిగేదైతే 150 శాతం. లెక్క తేలికే: ఒక హార్స్‌పవర్‌కి గంటకు 0.55 పౌండ్లు. 180 హార్స్‌పవర్ ఇంజన్‌కి 99 పౌండ్లు, అంటే 16.5 గాలన్లు. దానికి 125 శాతం అంటే గంటకు 20.6 గాలన్లు. కార్బ్యురేటర్ దగ్గర హోసు విప్పి డబ్బాలో పెట్టి, కరెంటు పంపు ఒక్కటే వేస్తే పది నిమిషాల్లో దాదాపు మూడున్నర గాలన్లు పడాలి. ముక్కు పైకెత్తి చేయండి, మీ విమానం ఎక్కే అత్యధిక కోణానికి ఇంకో 5 డిగ్రీలు కలిపి. తోక చక్రం ఉంటే గొయ్యి తవ్వి తోకని అందులో దింపమంటుంది ఎఫ్‌ఏఏ, ముక్కు చక్రం ఉంటే ర్యాంపు కట్టమంటుంది. టాంకులో కొంచెమే పోసి చేయండి, ధార తెగిపోయాక టాంకులో మిగిలిందే మీరు వాడుకోలేని పెట్రోలు. ఆరుబయట చేయండి, విమానానికీ డబ్బాకీ ఎర్తు కలపండి, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకోండి. రెండో టాంకుకి కూడా మొత్తం మళ్లీ చేయాలి. "ఒకటి వస్తే రెండోది రాదా" అనకండి.

బాఫిల్స్

ఇక అసలు పని. ముందు గాలి సంగతి తెలుసుకోండి. ప్రొపెల్లర్ వెనక రెండు రంధ్రాల్లోంచి వచ్చిన గాలి సిలిండర్ల పైన నిండి, ఫిన్నుల (సిలిండరు మీది పలుచటి రేకుల) మధ్యనుంచి కిందికి దూరి, కింద వెనకవైపున బయటికి పోవాలి. పైన ఒత్తిడి ఎక్కువ, కింద తక్కువ. ఆ తేడాయే మీ కూలింగు. ఫిన్నుల మధ్య సందు చాలా ఇరుకు, గాలికి అటు పోవడం ఇష్టం ఉండదు. బాఫిల్‌కీ కౌలింగ్‌కీ మధ్య వేలు పట్టేంత ఖాళీ కనిపిస్తే అటే జారుకుంటుంది. అది గాలే, లోపలికొచ్చింది, బయటికెళ్లింది, కానీ ఒక్క ఫిన్నునీ తాకలేదు.

అందుకే ఇంజన్ కాగితే ముందువైపు రంధ్రాలు పెద్దవి చేయమనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. చిల్లు కుండలోకి ఇంకో చెంబు నీళ్లు పోయడం అది. డ్రాగ్ (గాలి వెనక్కి లాగడం) పెరుగుతుంది, సిలిండరు అలాగే కాగుతుంది. రంధ్రం జోలికి పోకుండా చిల్లులు మూయండి. ఆ తర్వాత కూడా కాగితే గాలి బయటికి పోయే దారి చూడండి. వేడెక్కిన గాలికి చోటు ఎక్కువ కావాలి, మనవాళ్లేమో అక్కడే ఎగ్జాస్టు, కేబుళ్లు, హోసులు అన్నీ కుక్కుతారు. ఫైర్‌వాల్ కింది అంచు కత్తిలా ఉంటే గాలి అక్కడ సుడి తిరుగుతుంది, గుండ్రంగా వంచిన రేకు బిగించండి.

రేకులు కిట్టులో వచ్చినట్టే బిగించి, పై అంచు మాత్రం కోయకుండా ఉంచండి. కౌలింగ్‌కీ అంచుకీ మధ్య 3/8 నుంచి 1/2 అంగుళం ఖాళీ కావాలి. తక్కువైతే ఊగే ఇంజన్ కౌలింగ్‌ని లోపలినుంచి కోస్తుంది. ఎక్కువైతే రబ్బరు ఒత్తిడికి తిరగబడుతుంది. కౌలింగ్ మూస్తే లోపల ఏముందో కనిపించదు, తీస్తే కొలవడానికేమీ ఉండదు. పేపర్ క్లిప్పులు అందుకు. అంగుళానికో క్లిప్పు చొప్పున అంచు మీద నిలబెట్టి, పై కౌలింగ్‌ని మెల్లిగా దింపండి, అది ఒక్కో క్లిప్పునీ కావాల్సినంత కిందికి నొక్కేస్తుంది. కౌలింగ్ తీసి ప్రతి క్లిప్పు తలనుంచి 3/8 కిందికి గుర్తు పెట్టి, గుర్తులు కలిపి కోయండి. ఒక్కసారిగా కాదు. కొంచెం కోసి, మళ్లీ క్లిప్పులు పెట్టి, మళ్లీ దింపండి. విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి.

రబ్బరు పట్టీ ఎటు వంగాలన్నదే చాలామంది తప్పే చోటు. వెనక గోడ మీది పట్టీ ముందుకి వంగాలి, పక్క గోడలవి లోపలికి వంగాలి. అప్పుడు గాలి ఒత్తిడే దాన్ని కౌలింగ్‌కి అదిమి పెడుతుంది. బయటికి వంగితే అదే ఒత్తిడి దాన్ని తలుపులా తెరుస్తుంది. కౌలింగ్ మూసేటప్పుడు ఒక్క చోట మడత తిరగబడినా అంతే, అందుకే మూసిన ప్రతిసారీ ముందు రంధ్రంలోంచి టార్చి వేసి, చిన్న అద్దంతో చూడండి. మూలల్లో ఒకే పొడుగు పట్టీని వంచి తిప్పకండి, ముడత పడుతుంది. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కించండి.

తర్వాత చిన్న సందులు. బాఫిల్ ఇంజన్‌కి ఆనే చోట, రేకుల మూలల్లో పెన్సిలు మొన దూరేంత కంతలు ఉంటాయి. ఎసిటోన్‌తో తుడిచి ఆర్‌టీవీ నింపండి. జిడ్డు మీద రాస్తే ఊడిపోతుంది. రాత్రి పూట లైటార్పి, ఎల్‌ఈడీని సిలిండర్ల కింద పెట్టి పైనుంచి చూడండి. ఫిన్నుల మధ్యనుంచి వెలుగు రావాలి. ఇంకెక్కడినుంచి వచ్చినా అది కంతే. మాగ్నెటోకీ (స్పార్కు ఇచ్చేది) పంపుకీ గాలి గొట్టాలు పెడతానని వెనక గోడకి రంధ్రాల మీద రంధ్రాలు వేసేవాళ్లున్నారు. ప్రతి రంధ్రం సిలిండర్ల గాలిలో వాటా, అవసరమైనదానికే వేయండి.

సిలిండర్ల కింద రెండింటి మధ్య పట్టే రేకులు మర్చిపోకండి. పైనుంచి చూస్తే కనిపించవు కనుక పెట్టకుండానే ఎగిరేస్తారు. అవి లేకపోతే గాలి రెండు సిలిండర్ల మధ్యనుంచి దబ్బున కిందికి పడిపోతుంది, సిలిండరు కింది సగానికి గాలే తగలదు.

మూడో సిలిండరు విషయం ప్రత్యేకం. లైకమింగ్ సిలిండర్ హెడ్‌కి ఒక పక్క ఫిన్నులు లోతుగా, రెండో పక్క దాదాపు లేనట్టే ఉంటాయి. మూడోదానికి ఆ లేని పక్క వెనక బాఫిల్‌కి ఆనుకుంటుంది, రెండోదానికి ముందు రేకువైపు ఉంటుంది. బాఫిల్‌ని హెడ్‌కి అతికినట్టు బిగిస్తే అక్కడ గాలి పూర్తిగా మూసుకుపోతుంది. బిగించే స్క్రూ దగ్గర బాఫిల్‌కీ హెడ్‌కీ మధ్య ఒక మందపాటి వాషరు వేయండి. ఆ కాస్త ఖాళీ చాలు. ఇంతసేపూ సందులు మూయమని చెప్పి ఇక్కడ తెరవమంటున్నానని అనుకోకండి, ఈ సందులో దూరిన గాలి హెడ్‌ని రాసుకుంటూ పోతుంది.

రబ్బరు బదులు పైన గట్టి మూత, అంటే ప్లీనం, కట్టుకోమనేవాళ్లూ ఉన్నారు. బాగా కడితే పని చేస్తుంది, కానీ ప్లగ్గులు చూడాలంటే ప్రతిసారీ అన్ని స్క్రూలూ విప్పాలి. రబ్బరే నయం.

మొదటి రన్నింగు

ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) టెక్నికల్ కౌన్సిలర్‌ని పిలిచి చూపించండి, డబ్బు తీసుకోరు. కొత్త సిలిండర్లయితే మినరల్ ఆయిలు పోయండి. నేల మీద ఎక్కువసేపు తిప్పకండి, నిలబడి ఉన్న విమానానికి గాలి చాలదు. లైకమింగ్ పెట్టిన గరిష్ఠం 500 డిగ్రీల ఫారెన్‌హీట్, కానీ క్రూయిజ్‌లో 400 లోపల ఉండాలి. ఎక్కేటప్పుడు 425 దాటుతుంటే ముక్కు దించి వేగం పెంచండి. ఆయిలు 180కి తగ్గితే అందులో తేమ మిగిలిపోతుంది, 245 ఎర్ర గీత, దాటకూడదు.

దిగాక పై కౌలింగ్ విప్పి లోపలివైపు చూడండి. రబ్బరు రాసుకున్న నల్ల చార అంచు పొడుగునా ఉండాలి, తెగిన చోట పట్టీ ఆనడం లేదు. ఒకే సిలిండరు వేడి చూపిస్తుంటే, రేకు కత్తెర పట్టుకోకముందు దాని ప్రోబు (వేడి కొలిచే సెన్సరు) విప్పి పక్క సిలిండరుకి మార్చండి. వేడి ప్రోబుతోపాటు వెళ్లిపోతే బాఫిల్‌ని ముట్టుకోకండి, ప్రోబు కొత్తది కొనండి.