డెల్టాలో పొలమో స్థలమో అమ్మే ప్రవాసులు బయానాకు ముందే చూసుకోవలసినవి

విదేశంలో ఉంటూ కోనసీమలోనో పశ్చిమ గోదావరిలోనో ఉన్న ఆస్తి అమ్మేవారు సాధారణంగా ముందు ధర తెంచుకుంటారు, తరువాత బయానా పుచ్చుకుంటారు. పన్ను సంగతి మాత్రం రిజిస్ట్రేషన్ నాడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో గుర్తుకొస్తుంది. ఈ వరుసను తిరగేయాలి, ఎందుకంటే ప్రవాసికి ఇచ్చే సొమ్ములో బయానా నుంచే టీడీఎస్ (కొనేవారు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మినహాయించవలసి ఉంటుంది. 2024 జులై 23 నుంచి క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మకపు లాభం) పన్ను లెక్క మారింది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది కాబట్టి, ఈ టీడీఎస్‌కు ఇన్నాళ్లూ సెక్షన్ 195 అంటూ వచ్చిన నిబంధన ఇప్పుడు 393లో కలిసింది. అంకెలు మారినా చిక్కు పాతదే: పన్ను పడేది లాభం మీద, కొనేవారు మినహాయించేది మొత్తం ధర మీద.

ముందుగా అమ్మే మనిషి ప్రవాసి అవునో కాదో తేల్చుకోవాలి. ఎన్నారై అంటే అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారే అన్న అభిప్రాయం మనవైపు గట్టిగా ఉంది గానీ, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఏడాదిలో ఒక నెల మాత్రమే ఊళ్లో ఉండే ఆవిడ కూడా చట్టం దృష్టిలో ప్రవాసే. మా బంధువుల్లో ఒకరు ఇలాగే స్థలం అమ్మినప్పుడు, కొన్నవారు స్థానికుల (భారతదేశంలోనే నివసించేవారి) దగ్గర కొన్నట్టే 1 శాతం మినహాయించి కట్టేశారు. తరువాత నోటీసు వచ్చింది కొన్నవారికే, మాట పడింది మాత్రం అమ్మినవారు. స్థానికులకు ఉన్న 50 లక్షల పరిమితి ప్రవాసులకు వర్తించదు; ధర ఎంత తక్కువైనా టీడీఎస్ ప్రశ్న వస్తుంది.

రెండోది, అన్నిటికంటే నిదానంగా చూడవలసింది, భూమి స్వభావం. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం ప్రకారం మూలధన ఆస్తే కాదు, కనుక దాని అమ్మకం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. గ్రామీణం అనడానికి కొలత ఉంది: మునిసిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే దాని పొలిమేర నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపు ఉంటే 6 కిలోమీటర్లు అవతల భూమి ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం అమలాపురం, పాలకొల్లు, నరసాపురం మొదటి వరుసలోకి, భీమవరం, తాడేపల్లిగూడెం, రాజమహేంద్రవరం రెండో వరుసలోకి వస్తాయి. దూరాన్ని రోడ్డు మీదా కాలువ గట్టు మీదా కాక, నేరుగా గీత గీసినట్టు కొలవాలి. గోదావరి పాయ అడ్డం ఉన్నచోట బస్సులో 15 కిలోమీటర్లు తిరిగి వెళ్లే లంక భూమి కూడా ఈ కొలతలో పట్టణానికి దగ్గరే అయిపోవచ్చు.

దూరం సరిపోయినంత మాత్రాన పని కాదు, సాగు కూడా రుజువు కావాలి. అడంగల్, 1-బి, శిస్తు రసీదులతో పాటు కౌలు కాగితమో, కొబ్బరి తోటైతే దింపు కూలీ, కాయల అమ్మకం లెక్కలు రాసిన పుస్తకమో ఉంటే బలం. వరి చేను తవ్వి చేపల చెరువు చేసినచోట మాత్రం జాగ్రత్త పడాలి. చేపల, రొయ్యల పెంపకం ఆదాయాన్ని పన్ను శాఖ వ్యవసాయ ఆదాయంగా చూడదు, కాబట్టి మినహాయింపు అడిగితే ప్రశ్నలు వస్తాయి.

పన్ను పడే ఆస్తి అయితే లెక్క ఇలా ఉంటుంది. భీమవరంలో 2015లో 40 లక్షలకు కొన్న ఇంటిస్థలాన్ని ఇప్పుడు 80 లక్షలకు అమ్మారనుకుందాం. కొని 24 నెలలు దాటింది కనుక దీర్ఘకాలిక లాభం 40 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే 12.5 శాతం చొప్పున 5 లక్షలు, 4 శాతం సెస్సుతో 5.20 లక్షలు. కొనేవారు అదే 12.5 శాతాన్ని 80 లక్షల మీద మినహాయిస్తే 10 లక్షలు, దాని మీద 10 శాతం సర్‌చార్జీ, ఆపైన సెస్సు కలిపి 11.44 లక్షలు. తేడా 6.24 లక్షలు రిటర్ను వేసి రిఫండు వచ్చేదాకా ఇరుక్కుపోతుంది. ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం కట్టే పాత పద్ధతిని ఎంచుకునే వీలు స్థానికులకే మిగిల్చారు, ప్రవాసులకు లేదు. తాతల నాటి ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను తీసుకోవచ్చు గానీ అది ఆనాటి ప్రభుత్వ విలువను మించకూడదు.

దీనికి మందు పన్ను శాఖ ఇచ్చే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్, ఇన్నాళ్లూ ఫారం 13గా తెలిసినది. పన్నే పడని గ్రామీణ భూమికైనా, కొనేవారి భయం తీరడానికి సున్నా మినహాయింపు సర్టిఫికెట్ తెచ్చుకోవడం మంచిది. వారాలు పట్టే పని కనుక ధర కుదిరిన రోజే దరఖాస్తు పెట్టాలి. కొనేవారు టీడీఎస్ కట్టడానికి విడిగా టాన్ నంబరు తీసుకోవలసిన బాధ 2026 అక్టోబరు 1 నుంచి స్థానిక వ్యక్తులకు తప్పుతోంది. వారు పాన్‌తోనే కట్టవచ్చు.

కొనేవారి విషయంలోనూ ఒక షరతు ఉంది: వ్యవసాయ భూమినీ తోటనూ ప్రవాసి భారతదేశంలో నివసించేవారికే అమ్మాలి, డల్లాస్‌లో ఉన్న మేనమామకు అమ్మకూడదు. రాలేనివారు పంపే పవర్ ఆఫ్ అటార్నీ భారత రాయబార కార్యాలయంలోనో నోటరీ దగ్గరో ధ్రువీకరణ పొందాలి, ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. సగం తెల్ల, సగం నల్ల అనే మన అలవాటును ఇక్కడ వదులుకోవాలి. 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పోవచ్చు, పైగా ఆ నగదును దేశం దాటించే దారి లేదు.

సొమ్ము ఎన్ఆర్ఓ ఖాతాలోకే (ప్రవాసులు ఇక్కడి రాబడి వేసుకునే రూపాయల ఖాతా) రావాలి. అక్కడి నుంచి ఏప్రిల్-మార్చి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. బ్యాంకు వారు అమ్మకం దస్తావేజు, పన్ను కట్టిన రుజువు, సొమ్ము పంపేవారి ప్రకటన, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం అడుగుతారు. 15సీఏ, 15సీబీ అని జనం నోట నానినవి ఈ చివరి రెండు కాగితాలే. వారసత్వ ఆస్తి అయితే వీటికి వీలునామానో కుటుంబ సభ్యుల ధ్రువపత్రమో జతచేయాలి. మొత్తం పరిమితి దాటేలా ఉంటే కొంత మార్చిలో, మిగతాది ఏప్రిల్‌లో పంపుకోవచ్చు.