రస్ట్‌లో ఒక లూప్ తిరిగాక లిస్ట్ దక్కట్లేదా? ఇలా రాయండి

మాది పలాస. కొన్న జీడి పిక్కల లెక్క చూసుకోవడానికి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. మా దగ్గర బస్తా అంటే 80 కిలోలు. ‘బస్తాలు’ అనే వెక్టర్‌లో (రస్ట్‌లో లిస్ట్ లాంటిది) ఒక్కో బస్తాకి రైతు పేరు, బరువు పెట్టాను. (2021లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి రస్ట్‌లో ఇలా తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. ఫర్, ఇన్ లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే టైప్ చేయాలి.) మొదటి లూప్‌లో తక్కువ తూగినవి చూశాను. రెండో లూప్‌లో మొత్తం కూడబోతే E0382 అని ఎర్రర్ వచ్చింది. చేతిలో లేని విలువను మళ్లీ వాడుతున్నావని దానర్థం. రెండు రోజులు ఒకటే టెన్షన్.

‘ఫర్ బస్తా ఇన్ బస్తాలు’ అని రాస్తే లోపల ఇంటూ_ఇటర్ అనే ఫంక్షన్ నడుస్తుంది. వెక్టర్ యాజమాన్యం (ఓనర్‌షిప్) లూప్‌కి వెళ్లిపోతుంది, లూప్ అయ్యాక మనకు తిరిగి రాదు. లోపల ఉన్నవి ఉత్త అంకెలైనా అంతే, ఎందుకంటే చేతులు మారింది వెక్టర్.

అందుకే లూప్ మొదలుపెట్టే ముందే తేల్చుకోండి: ఈ లిస్ట్‌తో తర్వాత పనుందా?

పనుంది, ఇప్పుడు చూస్తే చాలు అనుకుంటే ‘ఫర్ బస్తా ఇన్ &బస్తాలు’ అని రాయండి. ముందున్న ఆ గుర్తు వెక్టర్‌ని ఇచ్చేయకుండా అరువు మాత్రమే ఇస్తుంది, ఆ అరువునే రెఫరెన్స్ అంటారు. నా రెండు లూపులూ దీంతోనే నడిచాయి.

గోనె సంచి బరువు తీసేయాలంటే విలువ మార్చాలి కదా, అప్పుడు ‘&మ్యూట్ బస్తాలు’. వెక్టర్‌ని ముందే ‘లెట్ మ్యూట్’తో, అంటే మార్చుకోవచ్చని, ప్రకటించి ఉండాలి. లోపల ‘బస్తా.బరువు -= 1.0’ సరిపోతుంది. ఉత్త అంకెల వెక్టర్ అయితే పేరు ముందు * పెట్టాలి.

ఎర్రర్ పోవాలని క్లోన్ (మొత్తం కాపీ తీసేది) తగిలించకండి. ప్రతి రైతు పేరుకీ మెమరీలో కొత్త కాపీ తయారవుతుంది, చూడటానికి అంత ఖర్చు దేనికి?

లూప్ తిరుగుతుండగా అదే వెక్టర్‌లోకి పుష్ చేయబోతే, అంటే కొత్తది చేర్చబోతే, కంపైలర్ (మన కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చేది) ఆపేస్తుంది. నాకు మొదట కోపం వచ్చింది, కానీ కారణం గట్టిది. చోటు చాలకపోతే వెక్టర్ తన సరుకంతా మెమరీలో వేరే చోటికి మార్చేస్తుంది. మన చేతిలోని రెఫరెన్స్ పాత చోటునే చూపిస్తూ ఉండిపోతుంది. సీ భాషలో ఇలాంటి తప్పు కంపైలర్ కంట పడకుండానే దాటిపోవచ్చు. కొత్తవాటిని వేరే వెక్టర్‌లో పోగేసి, లూప్ అయ్యాక ఎక్స్‌టెండ్‌తో కలపండి. కొన్నింటిని తీసేయాలంటే లూపే అక్కర్లేదు, కావాల్సినవి మాత్రమే ఉంచే రిటైన్ ఉంది.

అమ్మిన సరుకును వేరే లిస్ట్‌లోకి పంపేటప్పుడు మాత్రం & లేని లూపే సరైనది, పేర్లు కాపీ కాకుండా వెళ్తాయి. ఖాళీ వెక్టర్ మర్నాటి సరుక్కి కావాలంటే ‘బస్తాలు.డ్రెయిన్(..)’ మీద తిప్పండి. సరుకు బయటికొస్తుంది, తీసుకున్న చోటు అలాగే ఉంటుంది.