లాగిన్ అయినట్టే అయి మళ్లీ బయటికి తోసేస్తోందా? పాస్‌వర్డ్ జోలికి పోకముందు ఇది చూడండి

డిపార్ట్‌మెంట్ లినక్స్ మెషీన్లలో కొత్తగా అకౌంట్ తీసుకున్నవాళ్లు ఏ ఇబ్బంది వచ్చినా మొదట చేసే పని పాస్‌వర్డ్ రీసెట్. అది కుదరకపోతే రెండోసారి రీసెట్. ఆ తర్వాత అడ్మిన్‌నైన నా గది తలుపు కొడతారు. స్క్రీన్ మీద ఏం వచ్చిందని అడిగితే "ఏదో ఎర్రర్ అండీ" అంటారు. ఆ ఏదో ఎర్రర్‌లోనే సగం జవాబు ఉంటుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్‌లో లాగిన్ అయ్యే పద్ధతి) బయటి నుంచి రాలేకపోతుంటే

"కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని వస్తే మీరు మెషీన్ దాకా చేరనే లేదు. పాస్‌వర్డ్ అడిగే దాకా వెళ్లనప్పుడు దాన్ని మార్చి లాభమేంటి? క్యాంపస్ నెట్‌వర్క్ బయట ఉండి వీపీఎన్ ఆన్ చేయడం మరిచిపోయి ఉంటారు. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే అవతల మెషీన్ ఉంది గానీ ఆ పోర్టులో తలుపు తీసేవాళ్లు లేరు. మెషీన్ పేరు తప్పు కొట్టారా, మామూలు 22 కాకుండా వేరే పోర్ట్ వాడమన్నారా చూసుకోండి. తప్పు పాస్‌వర్డ్ వరసగా కొట్టాక ఈ రెండింటిలో ఏది మొదలైనా, సర్వర్ మీ అడ్రస్‌ని కాసేపు అడ్డుకుందేమోనని అనుమానించాలి. ఆగండి. కొడుతూ పోతే ఆ గడువు ఇంకా పెరగొచ్చు.

"పర్మిషన్ డినైడ్" వస్తేనే పేరు, పాస్‌వర్డ్, కీ సంగతి. ఇక్కడా ముందు చూడాల్సింది యూజర్‌నేమ్. కమాండ్‌లో మీరు పేరు ఇవ్వకపోతే ఎస్‌ఎస్‌హెచ్ మీ ల్యాప్‌టాప్‌లోని యూజర్‌నేమ్‌నే పట్టుకెళ్తుంది. అవతల ఆ పేరుతో ఎవరూ లేకపోయినా పాస్‌వర్డ్ అడుగుతుంది, ఎన్నిసార్లు కొట్టినా కాదంటుంది. అన్నట్టు, పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనబడవు. కీబోర్డ్ పాడైందని అనుకోకండి.

పాస్‌వర్డ్ బదులు పనిచేసే కీ ఫైల్ పెట్టుకున్నా పాస్‌వర్డ్ అడుగుతోందంటే పర్మిషన్లు చూడండి. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ (.ssh) ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్ (authorized_keys) ఫైల్‌కి 600 పెట్టండి, అంటే మీకు తప్ప ఇంకెవరికీ హక్కు లేకుండా. హోమ్ ఫోల్డర్‌లో గ్రూప్‌కి రాసే హక్కు ఇచ్చి ఉన్నా సర్వర్ ఆ కీని నమ్మదు, ఎందుకో మీకు చెప్పదు కూడా.

ల్యాబ్‌లో కూర్చుని లాగిన్ చేస్తే స్క్రీన్ నల్లబడి మళ్లీ లాగిన్ పేజీకే వస్తుంటే

అసలు రాయాలనుకున్నది దీని గురించే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. ఇక్కడ ఏమీ చెప్పదు. ఒప్పుకుంటుంది, ఒక్క క్షణం నల్లబడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. పక్క మెషీన్‌కి వెళ్తారు, అక్కడా ఇదే. దాంతో అకౌంటే పాడైందని తేల్చేస్తారు.

మీ హోమ్ ఫోల్డర్ ఏ ఒక్క మెషీన్‌లోనూ లేదు. అది ఫైల్ సర్వర్‌లో ఉంటుంది, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) ద్వారా అన్ని మెషీన్లకీ అదే కనిపిస్తుంది. అందుకే సీటు మార్చినా రోగం మీ వెంటే వస్తుంది. డెస్క్‌టాప్ తెరుచుకోవాలంటే హోమ్‌లో నాలుగు చిన్న ఫైళ్లు రాసుకోవాలి. మీ కోటా, అంటే మీకు కేటాయించిన చోటు, నిండిపోతే వాటిని రాయడం కుదరదు, సెషన్ పుట్టగానే పోతుంది.

కోటా చూడాలని నాకు తెలియక కాదు, తెలిసీ ఒకసారి బోల్తా పడ్డాను. ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చి "నిన్న సాయంత్రం దాకా పనిచేసిందండీ, ఆ తర్వాత ఒక్క ఫైల్ కూడా పెట్టలేదు" అన్నాడు. కొత్తగా ఏమీ పెట్టకపోతే కోటా ఎలా నిండుతుందిలే అనుకున్నాను. డిస్‌ప్లే డ్రైవర్ చూశాను, లాగిన్ లాగ్‌లు తిరగేశాను, ఒక మెషీన్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు సగం రోజు పోయింది.

అతను అబద్ధం చెప్పలేదు. కోటాకి రెండు గీతలుంటాయి, సాఫ్ట్ లిమిట్, హార్డ్ లిమిట్. హార్డ్ లిమిట్ అసలు దాటనివ్వదు. సాఫ్ట్ లిమిట్ దాటితే వెంటనే ఏమీ కాదు, గడువు మొదలవుతుంది. లినక్స్‌లో ఎవరూ మార్చకపోతే అది 7 రోజులు. ఆ లోపు తగ్గించుకోకపోతే సాఫ్ట్ లిమిటే గోడ అయి కూర్చుంటుంది, ఒక్క బైటు కూడా రాయనివ్వదు. అంటే తప్పు పోయిన వారం జరిగింది, తలుపు ఈ రోజు మూసుకుంది. "నేనేం చేయలేదు" అన్న మాట విన్నాక ఇప్పుడు నేను ముందు చూసేది ఇదే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెక్స్ట్ లాగిన్ వస్తుంది. లేదా ఎస్‌ఎస్‌హెచ్‌తో రండి. డెస్క్‌టాప్ అక్కర్లేదు కాబట్టి రెండూ పనిచేస్తాయి. కోటా -ఎస్ (quota -s) అని కొట్టండి. లిమిట్ దాటిన అంకె పక్కన నక్షత్రం ఉంటుంది. గ్రేస్ అన్న గడిలో "నన్" (none) అని ఉంటే గడువు బెంగ లేదని కాదు, గడువు అయిపోయిందని. ఆ మాట నన్నూ ఒకసారి మోసం చేసింది. అలాగే ఫైల్స్ అన్న గడి వదిలేయకండి. సైజు తక్కువే ఉన్నా ఫైళ్ల సంఖ్యకి వేరే లిమిట్ పెట్టి ఉండొచ్చు, పైథాన్ ప్యాకేజీలు పెట్టుకునే కోండా ఎన్విరాన్‌మెంట్లు దాన్ని ఇట్టే తినేస్తాయి. డీఎఫ్ (df) కొట్టి "టెరాబైట్లు ఖాళీగా ఉన్నాయి కదా" అనకండి. అది సర్వర్ మొత్తం లెక్క, మీ వాటా కాదు.

ఎక్కడ నిండిందో చూడాలంటే హోమ్‌లో డీయూ -హెచ్ -డీ1 కొట్టి సార్ట్ -హెచ్‌లోకి పైప్ చేయండి (du -h -d1 | sort -h). మామూలు ఎల్ఎస్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు కనబడవు, దొంగలంతా ఉండేది అక్కడే. డాట్ క్యాష్, కోండా ప్యాకేజీల ఫోల్డర్, వీఎస్ కోడ్ వదిలేసిన పాత సర్వర్ కాపీలు, ఎప్పుడో దింపుకుని మరిచిపోయిన మోడల్ ఫైళ్లు. కోండా క్లీన్ -ఏ (conda clean -a), పిప్ క్యాష్ పర్జ్ (pip cache purge) నడిపితే చాలామందికి అక్కడితోనే ఊపిరి ఆడుతుంది.

తీసేసినా కోటా తగ్గలేదంటే రెండు కారణాలు. ఫైల్ మేనేజర్‌లో డిలీట్ కొడితే ఫైల్ ట్రాష్‌లోకి పోతుంది. ఆ ట్రాష్ కూడా మీ హోమ్‌లోనే, డాట్ లోకల్ కింద ఉంటుంది, కాబట్టి లెక్క మారదు. లేదా, ఒక మెషీన్‌లో తెరిచి ఉన్న ఫైల్‌ని ఆ మెషీన్‌లోనే తీసేస్తే ఎన్‌ఎఫ్‌ఎస్ దాన్ని డాట్ ఎన్‌ఎఫ్‌ఎస్‌తో మొదలయ్యే పేరుతో దాచి ఉంచుతుంది. దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రామ్‌ని, అంటే ఆ మెషీన్‌లో స్క్రీన్ లాక్ చేసి వదిలేసిన బ్రౌజర్ లాంటిదాన్ని, మూసేదాకా అది పోదు.

ఒక్క జాగ్రత్త. కోటా నిండిందని తెలిశాక, తెరిచి ఉన్న థీసిస్‌నో కోడ్‌నో అలాగే సేవ్ కొట్టకండి. కొన్ని ఎడిటర్లు పాత ఫైల్‌ని ఖాళీ చేశాకే కొత్తది రాస్తాయి. రాయడానికి చోటు లేకపోతే సున్నా బైట్ల ఫైల్ మిగులుతుంది. ముందు టెంప్ (/tmp) ఫోల్డర్‌లో ఒక కాపీ పెట్టుకుని, తర్వాత హోమ్ సంగతి చూడండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే క్యాష్‌లని స్క్రాచ్ డిస్క్‌కి, అంటే తాత్కాలిక ఫైళ్ల కోసం విడిగా ఉంచిన చోటికి, మార్చుకోండి. స్క్రాచ్‌కి సాధారణంగా బ్యాకప్ ఉండదు, పాత ఫైళ్లని ఊడ్చేస్తారు. క్యాష్ పోతే మళ్లీ వస్తుంది గానీ థీసిస్ రాదు.

కోటా బాగానే ఉన్నా డెస్క్‌టాప్ రాకపోతే

అనుమానం స్టార్టప్ ఫైళ్లలో (లాగిన్ కాగానే నడిచేవి) మీరు కలిపిన లైన్ల మీదే. బ్యాష్‌ఆర్‌సీ (.bashrc), ప్రొఫైల్ (.profile) ఫైళ్ల పేర్లు మార్చి చూడండి. వస్తే నేరస్థుడు దొరికినట్టే. బ్యాష్‌ఆర్‌సీలో ముచ్చటపడి పలకరింపు ప్రింట్ చేయించినవాళ్లకి ఫైళ్లు పంపుకునే ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ కూడా చెడతాయి.

మిగతావి

రాత్రి వదిలిన ప్రోగ్రామ్ తెల్లారేసరికి ఫైల్ రాయలేక ఆగిపోతే, కెర్బరోస్ (గడువున్న టికెట్‌తో మీరెవరో రుజువు చేసే పద్ధతి) వాడే చోట ఆ టికెట్ గడువు తీరి ఉంటుంది. లాగిన్ నోడ్ (అందరూ లాగిన్ అయ్యే ఉమ్మడి మెషీన్) మీద పెద్ద జాబ్ నడిపితే ఎవరో ఆ జాబ్‌ని చంపేస్తారు, ఆ ఎవరో బహుశా నాలాంటివాడే. హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారిందని హెచ్చరిక వస్తే కొత్త ఫింగర్‌ప్రింట్ అడ్మిన్‌ని అడిగి సరిపోల్చుకుని, నోన్ హోస్ట్స్ (known_hosts) ఫైల్‌లో పాత లైన్ తీసేయండి. నెట్‌వర్క్ కార్డ్ పోవడం, డిస్క్ పోవడం మీరు తేల్చేవి కావు, వదిలేయండి.

ఇవన్నీ అయ్యాక కోటా పెంచమని అడగడంలో తప్పేం లేదు. మెయిల్‌లో మెషీన్ పేరు, టైమ్, వచ్చిన మెసేజ్ ఉన్నదున్నట్టు, పైన చెప్పిన డీయూ లిస్ట్ పెట్టండి. అందులో డాట్ క్యాష్ మొదటి వరసలో కనబడితే మాత్రం నా జవాబు ఏంటో మీకు ముందే తెలుసు.