బీచ్ గాలిలో లాంగ్ కిక్ కొట్టాలంటే

మా పాప ఫుట్‌బాల్ గోల్‌కీపర్. సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద ప్రాక్టీస్. ముందు గుప్పెడు పొడి ఇసుక వదిలి గాలి ఎటో చూడండి. గాలికి వీపు పెట్టి, తీరం వెంటే తన్నాలి. రోడ్డు వైపు వద్దు, ఓసారి మా బంతి మురీమిక్చర్ బండి మీద పడి తిట్లు తిన్నాం. నిలబడే కాలు బంతికి జానెడు పక్కన పెట్టి, చీలమండ బిగించి, లేసుల భాగంతో బంతి అడుగున కొట్టాలి.

తనకు విసుగొస్తే గోల్‌కీపర్ అస్మిర్ బెగోవిచ్ కొట్టిన గోల్ చూపిస్తాను. అతను పుట్టింది 1987లో, బోస్నియాలోని ట్రెబిన్యెలో. నాలుగేళ్లకే యుద్ధం తరిమితే జర్మనీ, పదేళ్లకు కెనడా. కెనడా యూత్ జట్టుకు ఆడినా చివరికి బోస్నియానే ఎంచుకున్నాడు. 2013 నవంబర్ 2న ఇంగ్లండ్ క్లబ్ స్టోక్ తరఫున, మ్యాచ్ మొదలైన 13 సెకన్లకే అతను తన్నిన బంతి గాలికి కొట్టుకుపోయి, నేలమీద ఎగిరి, సౌతాంప్టన్ కీపర్ తల మీదుగా గోల్‌లో పడింది. 91.9 మీటర్లు! అవతలి కీపర్ మీద జాలితో సంబరం కూడా చేసుకోలేదు. మా పాపైతే కురుసుర సబ్‌మెరైన్ దాకా పరిగెత్తేది.