కీవర్డ్ తిరస్కరణ, క్లిక్ లెక్కల్లో తేడా: గూగుల్ యాడ్స్‌లో సమస్య - పరిష్కారం

గూగుల్ యాడ్స్ (గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే సేవ) ఖాతాలో కీవర్డ్ (జనం ఏ మాట వెతికితే మన ప్రకటన కనిపించాలో ఆ మాట) నడవకపోయినా, వచ్చిన క్లిక్కులకు ఫలితం కనిపించకపోయినా చాలామంది ముందుగా చేసే పని బిడ్ (ఒక్కో క్లిక్‌కు ఇస్తామనే ధర) పెంచడం. ఈ రెండు సమస్యల్లోనూ డబ్బుతో తీరేవి చాలా తక్కువ. స్టేటస్ కాలమ్‌లో ఏ మాట ఉందో చదవకుండా, క్లిక్ చేసిన మనిషి ఏ చిరునామాల మీదుగా పేజీకి చేరాడో చూడకుండా ఒక్క సెట్టింగ్ కూడా మార్చకూడదన్న నియమాన్ని నేను పట్టుదలగా పాటిస్తాను. మార్చిన ప్రతిసారీ అసలు కారణం తాలూకు ఆనవాళ్లు కొన్ని చెరిగిపోతాయి. పైగా ఆ ఖర్చు భరించేది ఊళ్లోని చిన్న ఆసుపత్రో, కోచింగ్ సెంటరో అయినప్పుడు మన ప్రయోగాల బిల్లు వాళ్ల మీద పడుతుంది.

సమస్య: కీవర్డ్ సేవ్ కావడం లేదు

ఇక్కడ కారణం దాదాపు ఎప్పుడూ అక్షరాల్లోనే ఉంటుంది. ఒక కీవర్డ్‌లో 10 పదాలకు, 80 అక్షరాలకు మించి ఉండకూడదు. ఆశ్చర్యార్థకం, ప్రశ్నార్థకం, శాతం గుర్తు, ఈమెయిల్ చిరునామాల్లో వాడే ఎట్ గుర్తు, గుండ్రటి బ్రాకెట్ల వంటివి ఉంటే వ్యవస్థ ఆ కీవర్డ్‌ను తీసుకోదు. ఎగ్జాక్ట్ మ్యాచ్ (అదే అర్థంతో వెతికినవాళ్లకే ప్రకటన చూపించడం) కోసం పెట్టాల్సిన చదరపు బ్రాకెట్ల బదులు అలవాటుగా గుండ్రటివి పెట్టడం తరచుగా కనిపించే పొరపాటు.

తెలుగు కీవర్డ్‌లకు ఇంకొక చిక్కు ఉంది. కరపత్రం కోసం డీటీపీ చేయించిన ఫైల్‌లోంచి పదాలను కాపీ చేసి తెచ్చినప్పుడు, కంటికి తెలుగులా కనిపించిన మాట గూగుల్ యాడ్స్ పెట్టెలో పడగానే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా, మధ్యమధ్య శాతం గుర్తులుగా, బ్రాకెట్లుగా మారిపోతుంది. అను ఫాంట్ల వంటి పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షరాల ప్రమాణం) కావు. వాటిలో తెలుగు అక్షరాల బొమ్మలను రోమన్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చారు కాబట్టి, ఫాంట్ తీసేస్తే మిగిలేది ఆ గుర్తులే. ఎర్రర్ సందేశం గుర్తుల గురించే చెబుతుంది కాబట్టి చూసేవాళ్లు వాటిని ఒక్కొక్కటిగా చెరుపుతూ కూర్చుంటారు, చివరికి కీవర్డ్ సేవ్ అయినా ఆ మాటను లోకంలో ఎవరూ వెతకరు. పరిష్కారం ఒక్కటే: ఆ ఫైల్‌ను పక్కన పెట్టి, ఫోన్‌లోని తెలుగు కీబోర్డ్‌తోనో కంప్యూటర్‌లోని యూనికోడ్ కీబోర్డ్‌తోనో కీవర్డ్‌లను కొత్తగా టైప్ చేయడం.

సమస్య: సేవ్ అయింది, కానీ "లో సెర్చ్ వాల్యూమ్" అని చూపిస్తోంది

ఇది తిరస్కరణ కాదు. ఆ మాటను వెతికేవాళ్లు మరీ తక్కువగా ఉన్నారు కాబట్టి గూగుల్ దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టింది, వెతుకులాట పెరిగితే తనంతట తానే మళ్లీ నడిపిస్తుంది. బిడ్ పెంచినా ఈ స్టేటస్ మారదు. గూగుల్ ప్రకటనలు 2018లోనే తెలుగులోకి వచ్చాయి గాని, తెలుగువాళ్లలో ఎంతోమంది వెతికేటప్పుడు మాట తెలుగుదైనా లిపి ఇంగ్లిష్‌దే వాడతారు. "విజయవాడలో కంటి హాస్పిటల్" అన్న మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ రెండు మూడు స్పెల్లింగ్‌లలో కొడతారు. అందుచేత తెలుగు లిపి కీవర్డ్‌ను తీసేయకుండా అలాగే ఉంచి, దాని పక్కన ఇంగ్లిష్ అక్షరాల రూపాలను చేర్చి, క్యాంపెయిన్‌లో భాషల సెట్టింగ్ ఉంటే తెలుగుతో పాటు ఇంగ్లిష్‌ను కూడా ఎంచుకోవాలి. ఏ స్పెల్లింగ్‌లు చేర్చాలో ఊహించనక్కరలేదు, సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్‌లో జనం కొట్టిన మాటలే ఉంటాయి.

సమస్య: "డిస్‌అప్రూవ్డ్" అని వచ్చింది

ముందుగా తిరస్కరణ కీవర్డ్‌కు వచ్చిందా, ప్రకటనకు వచ్చిందా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటికీ మందు వేరు. పోటీదారు పేరును కీవర్డ్‌గా పెట్టినప్పుడు ఈ గందరగోళం ఎక్కువగా కనిపిస్తుంది. ట్రేడ్‌మార్క్‌ను కీవర్డ్‌గా వాడడాన్ని గూగుల్ ఆపదు, ప్రకటన పాఠంలో వాడినప్పుడు మాత్రం యజమాని ఫిర్యాదు మీద ఆపవచ్చు. గూగుల్‌కు, సామాన్లు తరలించే సంస్థ డీఆర్ఎస్ లాజిస్టిక్స్‌కు మధ్య నడిచిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో చెప్పిన మాట కూడా ఇక్కడ గుర్తుంచుకోదగ్గది: ట్రేడ్‌మార్క్‌ను కీవర్డ్‌గా వాడినంత మాత్రాన ఉల్లంఘన కాదు, కొనేవాళ్లను అయోమయంలో పడేస్తే మాత్రం చిక్కే. కాబట్టి పోటీదారు పేరు మీద ప్రకటన ఆగిపోతే కీవర్డ్‌ను కాదు, హెడ్‌లైన్‌ను మార్చాలి.

ఆసుపత్రుల ఖాతాల్లో అసలు ముట్టుకోకూడని తిరస్కరణ ఒకటి ఉంది. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణకు సంబంధించిన ప్రకటనలు 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం నేరం, మూడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఉద్యమకర్త సాబు మాథ్యూ జార్జ్ వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టులో విచారణ జరిగినప్పుడు గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ అలాంటి పదాలను వాటంతట అవే ఆగిపోయేలా చేస్తామని 2016లో ఒప్పుకున్నాయి. స్కానింగ్ సెంటర్ ఖాతాలో ఇలాంటి పదం ఆగితే స్పెల్లింగ్ మార్చి దొడ్డిదారిన పంపే ప్రయత్నం చేయవద్దని నేను గట్టిగా చెబుతాను. ఆ అడ్డు వెనక ఉన్నది ఆడపిల్లల ప్రాణం.

వీటిలో దేనికీ చెందకుండా పొరపాటున ఆగిందని మీకు నమ్మకంగా ఉంటే పాలసీ మేనేజర్‌లో అప్పీల్ చేయవచ్చు. సవరించానని చెబుతున్నారా, నిర్ణయాన్నే ప్రశ్నిస్తున్నారా అన్నది సరిగ్గా ఎంచుకోవాలి. ఏదీ మార్చకుండా "సవరించాను" అని పంపితే మళ్లీ అదే జవాబు వస్తుంది.

సమస్య: యాడ్స్‌లో క్లిక్కులు ఉన్నాయి, అనలిటిక్స్‌లో సెషన్లు లేవు

అనలిటిక్స్ అంటే సైట్‌కు వచ్చినవాళ్ల లెక్క చూపే గూగుల్ సేవ, సెషన్ అంటే ఒక మనిషి సైట్‌కు ఒకసారి వచ్చి వెళ్లిన సందర్శన. ఈ రెండు లెక్కల మధ్య కొంత తేడా సహజం. ఒకే మనిషి కొద్ది నిమిషాల్లో రెండుసార్లు క్లిక్ చేస్తే యాడ్స్‌లో రెండు క్లిక్కులు పడతాయి, అనలిటిక్స్‌లో ఒక్క సెషన్ మాత్రమే నమోదు కావచ్చు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట పేజీ తెరుచుకునేలోపే వెనక్కి వెళ్లినవాళ్ల క్లిక్ లెక్కలోకి వస్తుంది, సెషన్ రాదు. ఈ రెండో కారణానికి విరుగుడు ట్రాకింగ్‌లో లేదు, పేజీ బరువు తగ్గించడంలో ఉంది.

సెషన్లు బాగా తక్కువగా ఉంటే మాత్రం దారిలో ఏదో రాలిపోతోందని అర్థం. ఆటో ట్యాగింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు గూగుల్ సాధారణంగా క్లిక్ చిరునామాకు జీసీఎల్‌ఐడీ (gclid) అనే గుర్తింపు కోడ్‌ను తగిలిస్తుంది. రీడైరెక్ట్‌లో, అంటే సర్వర్ ఒక చిరునామా నుంచి మరో చిరునామాకు పంపేటప్పుడు, అది ఊడిపోతే, డబ్బు పెట్టి తెచ్చిన ఆ మనిషి అనలిటిక్స్‌లో "గూగుల్ ఆర్గానిక్" (ప్రకటన లేకుండా ఉచితంగా వచ్చినవాళ్లు) కింద నమోదవుతాడు. కృష్ణా జిల్లాలోని ఒక కంటి ఆసుపత్రి ఖాతాలో నేను చూసింది ఇదే. ప్రకటనలు దండగని, ఉచితంగా వచ్చేవాళ్లే పెరుగుతున్నారని యజమాని అనుకున్నారు, ప్రకటనలు ఆపేయడానికి కూడా సిద్ధపడ్డారు. ప్రకటనలో ఇచ్చిన చిరునామా పాత హెచ్‌టీటీపీది. అక్కడి నుంచి భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌కు, ఆ తర్వాత తెలుగు పేజీకి రెండు గెంతులు ఉన్నాయి. రెండో గెంతులో చిరునామాలోని ప్రశ్నార్థకం తర్వాతి భాగమంతా పోతోంది. అపాచీ సర్వర్‌లోని రీరైట్ నియమం (చిరునామాను మార్చి పంపే ఆదేశం) చివర ఎవరో ఒట్టి ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు, అలా పెడితే వెనక వచ్చేదంతా తుడిచిపెట్టమని సర్వర్‌కు చెప్పినట్టే.

మీ సైట్‌లో దీన్ని పరీక్షించడానికి సొంత ప్రకటన మీద క్లిక్ చేయనక్కరలేదు. ప్రకటనలోని ఫైనల్ యూఆర్ఎల్‌ను (క్లిక్ చేసినవాళ్లు చేరాల్సిన పేజీగా మనం ఇచ్చిన చిరునామాను) ఉన్నది ఉన్నట్టుగా బ్రౌజర్‌లో వేసి, చివర ప్రశ్నార్థకం, జీసీఎల్‌ఐడీ, సమాన గుర్తు, ఆపైన పెద్ద, చిన్న అక్షరాలు కలిసిన ఏదో ఒక పరీక్ష మాట చేర్చి ఎంటర్ నొక్కండి. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక పైనున్న చిరునామా చూడండి. పరీక్ష మాట మాయమైతే రీడైరెక్ట్‌ను సరిచేయాలి, లేదా ఇంకా తేలికగా, చివరికి చేరే చిరునామానే ఫైనల్ యూఆర్ఎల్‌గా ఇచ్చి గెంతులే లేకుండా చేయాలి. మాట ఉండి, పెద్ద అక్షరాలు చిన్నవిగా మారినా తప్పే, ఎందుకంటే ఆ కోడ్‌లో ప్రతి అక్షరం రూపం కూడా లెక్కే.

బయటి ట్రాకింగ్ సంస్థ లింకులు వాడేవారికి ఇంకొక కారణం ఉంది. సెర్చ్, షాపింగ్ ప్రకటనలకు 2018 అక్టోబరు 30 నుంచి ప్యారలల్ ట్రాకింగ్ తప్పనిసరి అయింది. మనిషి నేరుగా ఫైనల్ యూఆర్ఎల్‌కు వెళతాడు, ట్రాకర్ పిలుపు వెనకపట్టున విడిగా నడుస్తుంది. అందువల్ల ట్రాకర్ దారిలో తగిలించే సమాచారం పేజీకి చేరదు. పేజీకి కావలసినవాటిని ట్రాకింగ్ టెంప్లేట్‌లో (ట్రాకర్ లింకు ఇచ్చే పెట్టెలో) కాక ఫైనల్ యూఆర్ఎల్ సఫిక్స్‌లో (పేజీ చిరునామా చివర చేరేవి రాసే పెట్టెలో) పెట్టాలి, ట్రాకర్ లింకులన్నీ హెచ్‌టీటీపీఎస్‌తోనే ఉండాలి.

సమస్య: కన్వర్షన్ల లెక్క కుదరడం లేదు

కన్వర్షన్ అంటే క్లిక్ చేసిన మనిషి మనకు కావలసిన పని, అంటే ఫారమ్ నింపడం వంటిది, చేయడం. ఉన్నవాటికి రెట్టింపు చూపిస్తే, ఒకే ఫారమ్‌ను యాడ్స్ ట్యాగ్ (పేజీలో పెట్టే లెక్కింపు కోడ్), అనలిటిక్స్ నుంచి తెచ్చుకున్న ఈవెంట్ రెండూ ప్రైమరీగా (కన్వర్షన్ల మొత్తంలో కలిసేలా) లెక్కిస్తున్నాయేమో చూడండి. ఒకదాన్ని సెకండరీ (చూసుకోవడానికి మాత్రమే) చేస్తే చాలు. అపాయింట్‌మెంట్ అడిగే ఫారమ్‌కు లెక్కింపు "ఎవ్రీ" (ప్రతిసారీ) బదులు "వన్" (ఒక క్లిక్‌కు ఒక్కసారే) ఉండాలి.

తేదీలు కలవకపోతే అది లోపం కాదు. సోమవారం క్లిక్ చేసి గురువారం ఫారమ్ నింపితే యాడ్స్ దాన్ని సోమవారం ఖాతాలో, అనలిటిక్స్ గురువారం ఖాతాలో వేస్తాయి. నెలాఖరు నివేదికలో ఈ సంగతి ఒక వాక్యంగా రాసి ఇవ్వండి, లేదంటే యజమానికి మన లెక్కల మీద నమ్మకం పోతుంది.

అసలు సున్నా చూపిస్తే, ట్యాగ్‌ను అనుమానించే ముందు రిసెప్షన్‌లో కూర్చున్నవారిని అడగండి. మన ఊళ్లలో ఫారమ్ నింపేవారికంటే ఫోన్ చేసేవారు, వాట్సాప్‌లో పలకరించేవారు ఎక్కువ. పేజీలోని ఫోన్ నంబర్‌నూ వాట్సాప్ బటన్‌నూ నొక్కడాన్ని ట్యాగ్ మేనేజర్‌లో (ట్యాగులను నడిపే గూగుల్ సాధనంలో) కన్వర్షన్‌గా పెట్టకపోతే ఆ పిలుపులేవీ ఖాతాలో కనబడవు.