తెల్లదోమ పాఠాలు – 3: ముందు ఆకు తిప్పండి

ఈసారి కొబ్బరి తెల్లదోమను పట్టే పసుపు జిగురు అట్టల గురించి చెప్పాల్సింది. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక దాన్ని వాయిదా వేశాను. సగానికి పైగా ఫొటోల్లో ఆకు పైవైపే ఉంది. నల్లటి మసి, కింద “ఏ మందు కొట్టాలి సార్?” అన్న ప్రశ్న. హాలియా దగ్గర ఒకాయన జవాబు కోసం ఆగకుండా తెగుళ్ల మందు కొట్టేశాడు. జడ్చర్లలో ఒకామె పెరటి కొబ్బరికి మట్టలన్నీ నరికించి కాల్చేసింది.

మసి చెట్టుకొచ్చిన రోగం కాదు. పై మట్టల అడుగున తెల్లదోమ రసం పీలుస్తూ తీపి జిగురు వదులుతుంది. అది కింది ఆకుల మీద పడితే దానిపై బూజు పెరుగుతుంది. ఆకులోకి దిగదు, ఎండకు అడ్డం పడుతుంది అంతే. కొబ్బరి కింద జామ ఉంటే జామ నల్లబడుతుంది. కింద బండి పెడితే సీటు జిగటవుతుంది. సీటుకు తెగుళ్ల మందు కొడతామా? పైగా తెల్లదోమను చంపే ఇసారియా అనే మేలు బూజు ఒకటుంది. అది చల్లిన తోటలో తెగుళ్ల మందు పడితే ఆ మేలు బూజూ చచ్చి ఖర్చంతా వృథా. మసి మీద పల్చటి గంజి చల్లితే చాలు. ఎండాక పొరలుగా రాలిపోతుంది. సబ్బు నీళ్లంటారు కొందరు, నా ఓటు గంజికే.

ఇక అసలు పని. మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ సర్పిలాకార తెల్లదోమ (రుగోస్ స్పైరలింగ్ వైట్‌ఫ్లై) మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడింది. దాని శత్రువు మాత్రం అంతకుముందే ఇక్కడుంది. ఎన్కార్సియా గ్వాడలూపే అనే కందిరీగ, మిల్లీమీటరు కూడా ఉండదు, మనుషుల్ని కుట్టదు. తెల్లదోమ పిల్లపురుగులో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలి నుంచి తినేస్తుంది. పురుగు మందు కొడితే ముందు పోయేది ఇదే.

దిగువ మట్ట నుంచి ఒక ఆకు తెంపి వెనక్కి తిప్పండి. తెల్లదోమ మీది దూదిలాంటి తెల్లటి మైనాన్ని మెత్తటి కుంచెతో మెల్లగా తుడవండి. పదింతలు చూపే భూతద్దం పెట్టండి, ఫోన్ జూమ్ పనికిరాదు. పిల్లపురుగు ఖాళీ గుల్ల మీద ఇంగ్లిష్ ‘టీ’ అక్షరంలా చీలిక ఉంటే దోమ ఎగిరిపోయింది. గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే అందులోంచి వచ్చింది కందిరీగ. గుల్ల నల్లబడి రంధ్రం లేకపోతే కందిరీగ ఇంకా లోపలే ఉంది. అలాంటి ఆకు ముక్కను కందిరీగ చేరని చెట్టు మట్టకు గుచ్చండి. మట్టలు కాల్చిన వాళ్లు కాల్చింది వీటినే.

కందిరీగలు పెరిగేవరకు ఊరుకోలేకపోతే ఆకుల అడుగున తగిలేలా పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి.

అభ్యాసం: ఒక్క చెట్టు చాలు. నాలుగు మట్టలు, మట్టకు నాలుగు ఆకులు, ఆకుకు 50 ఖాళీ గుల్లలు. ‘టీ’లు ఎన్ని, గుండ్రనివి ఎన్ని, విడివిడిగా రాయండి. వారానికోసారి, ఆరు వారాలు. మెడ పట్టేస్తుంది, తప్పదు. గుండ్రనివి వారం వారం పెరుగుతుంటే ఏ మందూ ముట్టుకోవద్దు. పక్క చేలో పత్తికి మందు కొట్టిన తేదీ కూడా అదే పుస్తకంలో రాసి పెట్టండి. గుండ్రనివి ఒక్కసారిగా తగ్గితే ముందు చూసేది ఆ తేదీనే.